కడిగిన బిళ్ళలు

చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతుకు పడిపోతుంది. కంపు మాత్రం పూర్తి తూకానికే ఉంటుంది. ఈ సంగతి ఇక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇక్కడ నాకు తప్ప ఎవరికీ ముక్కు పనిచేయదు.

బయటి మన్ను గాలీ వానా ఎరగని మన్ను. ఎక్కడా అరగలేదు, ప్రతి రేణువూ పగిలిన సీసా పెంకే. సూట్లకు, బూట్లకు అంటుకుని లోపలికి వస్తుంది, ముక్కుల్లోకి పోతుంది. కొత్తగా దిగినవాడికి మొదటి నెలంతా కాలిన మందుగుండు వాసన. ఏడాది తిరిగేసరికి ఆ వాసనా ఉండదు, ఏ వాసనా ఉండదు. అది పోయిన రోజున తోటివాళ్ళు భుజం తట్టి, ఇక నువ్వు ఊరివాడివైపోయావంటారు. నేను పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా బయటికి అడుగు పెట్టలేదు. బయటికి పోయే గాలి తలుపుల నుంచి మూడో వీధిలో కొట్టు పెట్టుకుని, గుమ్మానికి తడిగుడ్డ వేలాడదీసుకుని, నా ముక్కును కాపాడుకుంటూ వచ్చాను. అందుకే నన్ను ముక్కు సేటు అంటారు.

నా సరుకంతా వాడేసిన సరుకు. సూటు లోపల తొడుక్కునే చొక్కాలు, చేతి తొడుగులు, మెడ దగ్గర బిగించే రబ్బరు చుట్టలు. చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, దాన్ని తొడిగినవాడు భయపడ్డాడా, కక్కుకున్నాడా, పుండు పడ్డవాడా చెప్పేస్తాను. ఏది ఉతికితే పనికొస్తుందో, ఏది ఎంత ఉతికినా మనిషి వాసన వదలదో తెలియడమే నా వ్యాపారం. దానికి కట్టిన సుంకం ఏమిటంటే, మిగతావాళ్ళంతా సుఖంగా బతికే చోట నేను పదకొండేళ్ళుగా అందరి కంపూ పీలుస్తూ బతకడం. పక్కింటివాడి చెమట నీళ్ళై నా గ్లాసులోకి వస్తుంది. నా చెమట మర్నాడు వాడి గ్లాసులోకి పోతుంది. ఎంత వడగట్టినా అడుగున ఎవరో ఒకరు ఉంటారు. గ్లాసు ఎత్తినప్పుడల్లా అది ఎవరో నా ముక్కు పోల్చుకోవాలని చూస్తుంది. తడి గోడలు, వేడెక్కిన వైర్లు, పన్నెండు మంది పడుకుని లేచిన గది, మూత సరిగా పడని మరుగుదొడ్డి: వీధి చివరి దాకా నడిస్తే ఇంత పరామర్శ.

ఈ సరుకుల్లో నాకు ఎక్కువ కలిసొచ్చింది మాస్కు బిళ్ళలు. బిళ్ళంటే అరచేయంత గుండ్రటి దళసరి గుడ్డ. ముక్కూ నోరూ మూసే మాస్కుకు ముందు బిగిస్తారు, దుమ్మును అది పట్టుకుంటుంది. పది షిఫ్టులు వాడి పారేయమని నియమం. పారేసినవాటిని చెత్త బండివాడు బస్తాల్లో నా కొట్టు వెనక్కి తెచ్చిపెట్టేవాడు. వాటిని దులిపేవాణ్ణి. తరువాత పొయ్యిలో రెండు గంటలు ఎండబెట్టేవాణ్ణి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ పొయ్యి నుంచి తీశాక బిళ్ళకు వెంట్రుకలు మాడిన వాసన పడుతుంది. కొనేవాడికి ఆ వాసన తెలియదు. నాకు తెలుస్తుంది. నా ముక్కు ఊరుకోదు. అందుకని ఆఖర్న ఒకసారి జాడించి నీడన ఆరేసేవాణ్ణి. తాగే నీళ్ళు మనిషికి ఇన్ని అని కొలిచి ఇస్తారు కనుక, జాడించడానికి నాచు తొట్టెల నుంచి వదిలేసే నీళ్ళు పట్టుకునేవాణ్ణి. ఊపిరికి గాలి ఇవ్వడం కోసం ఊరి కింద తొట్టెల్లో పెంచే నాచు అది. ఆ నీళ్ళకు పచ్చి వాసన ఉంటుంది కానీ మాడు వాసనకంటే నయం.

ఆరిన బిళ్ళల్ని వారానికొకసారి సంచీ మామ పట్టుకుపోయేవాడు. తిరుగుడు బేరగాడు, భుజాన ఎప్పుడూ సంచీ. దక్షిణాన మంచు గనివాళ్ళకు అమ్ముతానన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. గడప దాటిన సరుకుతో చుట్టరికం పెట్టుకోవద్దన్నది నా పద్ధతి.

నా చెల్లెలు ఇటుకల బట్టీలో పనిచేస్తుంది. పద్నాలుగు రోజుల ఎండ పక్షంలో పెద్ద అద్దాలతో ఎండను ఒకచోటికి పోగుచేసి మన్ను కరిగించి ఇటుకలు పోస్తారు. చీకటి పక్షంలో బట్టీ ఆపి మరమ్మతులు చేసుకుంటారు. కరిగించే ముందు మన్ను జల్లించాలి. జల్లెడ మంచమంత ఉంటుంది, చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి ఊపుతారు. చెల్లెలు వాళ్ళలో ఒకతె. ఆ పని ఇప్పించింది నేనే. ఎండ పక్షం చివర ప్రతివాళ్ళూ ఊదుడు గొట్టంలో ఊదాలి. ముల్లు డెబ్బై దాటాలి. వరుసగా రెండుసార్లు దాటకపోతే బట్టీ నుంచి తీసి మురుగు గదికి పంపుతారు. అక్కడ ఊరందరి మలమూత్రాల నుంచి నీళ్ళు పిండుతారు. అక్కడికి పోయినవాళ్ళు తిరిగి పైకి రావడం నేను చూడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి చెల్లెలు నేరుగా కొట్టుకు వచ్చింది. చేతిలో మాస్కు ఉంది.

"అన్నయ్యా, నీ ముక్కుకు పని తెచ్చాను. నోట్లో తోట వేశాను. ఏం తోటో చూసి చెప్పు."

మాస్కు తిప్పి చూపించింది. బిళ్ళ లోపలి వైపు ఆకుపచ్చటి జిగురు. వేలితో తాకితే తీగలా సాగింది. మధ్యలో, ఆమె నోరు ఆనే చోట, మీగడలా మందంగా కట్టింది. ఆమె పెదవుల మూలల్లో కూడా ఆ పచ్చదనం ఎండి చారికలు కట్టి ఉంది. అలవాటు చొప్పున ముక్కు దగ్గరికి తీసుకున్నాను.

పచ్చి తొట్టె నీళ్ళ వాసన. దాని వెనక, సన్నగా, వెంట్రుకలు మాడిన వాసన.

మంచు గని ఇక్కడే ఉందన్నమాట.

జల్లెడ దగ్గర అందరి బిళ్ళలూ ఇలాగే అయ్యాయని చెప్పింది. స్టోరు కీపరును అడిగితే, పళ్ళు శుభ్రంగా తోముకోండమ్మా, మీ నోళ్ళ నుంచి వస్తోంది, సరుకు కొత్తదే అన్నాడట. వాడికి ఊళ్ళో పేరే కొత్త సరుకు. ఏం తెచ్చినా సీలు చూపించి ఆ మాటే అంటాడు. పోయిన ఎండ పక్షం చివర ఊదితే తనకు ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగిందని కూడా అప్పుడే చెప్పింది, అదేదో మరిచిపోయిన సంగతిలా. ఇంక పన్నెండు రోజులే ఉన్నాయంది. మాట మాటకీ మధ్య దగ్గు. ఆ దగ్గులో తడి వినిపించింది.

"ఏం వాసన?" అంది.

"ఏదో బూజు," అన్నాను.

వ్యాపారి అబద్ధం చెప్పేటప్పుడు తడుముకోడు. తడుముకోలేదు. కొట్టు లోపల నాకోసం దాచుకున్న అసలైన కొత్త బిళ్ళలు పది ఉన్నాయి. తీసి ఆమె చేతిలో పెట్టి, ఇవే వాడు, స్టోరువి ముట్టుకోకు అన్నాను. నా లెక్క సులువైన లెక్క. పది బిళ్ళలు ఒక మనిషికి పరీక్ష దాటి చాలా రోజులు వస్తాయి. చెల్లెలు ఊపిరి నిలబడుతుంది. సంచీ మామకు ఇకనుంచి సరుకు ఆపేస్తాను. నా నోరు నేను తెరవక్కర్లేదు. దగ్గే మిగతా పదకొండు మంది నా చెల్లెళ్ళు కారు.

ఆ సాయంత్రమే బట్టీ ఆసుపత్రి నర్సును పక్కకు పిలిచి, ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను. మన్ను లోపలికి పోతే తిరిగి రాదని, కానీ ఈ జిగురు వల్ల గొంతు వాచి ఊపిరి తగ్గుతోందని, మానేస్తే నాలుగైదు పాయింట్లు పది రోజుల్లో వెనక్కి రావచ్చని ఆవిడ చెప్పింది. నా లెక్క సరిపోయింది.

నాలుగు రోజుల తరువాత వీధి మలుపులోనే ఆ తడి దగ్గు వినిపించింది. చెల్లెలు లోపలికి వచ్చి స్టూలు మీద కూలబడింది. మాస్కు లాక్కుని చూశాను. మళ్ళీ పచ్చగా ఉంది, ఈసారి ఎక్కువగా.

"నేనిచ్చినవేమయ్యాయి?"

"చీటీలు వేశాం."

"చీటీలేంటే?"

"పది బిళ్ళలు, పన్నెండు మందిమి. రెండు ఖాళీ చీటీలు. ఒకటి మా జల్లెడ పెద్దక్కకు వచ్చింది, ఒకటి నాకు."

"నీ ఒక్కదానికే అని కదా ఇచ్చాను."

"జల్లెడ చుట్టూ నిలబడ్డాక ఏమొచ్చినా చీటీ వెయ్యాల్సిందే అన్నయ్యా. నేనొక్కదాన్నే కొత్తది బిగించుకుని వాళ్ళ మొహాలు చూడనా?" అని, కాసేపు ఊపిరి కూడదీసుకుని, "నీ వ్యాపారంలో ఇలాంటివి ఉండవులే," అంది నవ్వుతూ. ఆ నవ్వులో పళ్ళ సందుల్లో పచ్చదనం కనిపించింది.

పది బిళ్ళలు పోయాయి. నా దగ్గర ఇంకొకటి లేదు. ఉన్నా అదీ చీటీలోకే పోతుంది. పన్నెండు మందికీ ఇస్తే తప్ప ఒక్కదానికి అందని సరుకు నా జన్మలో చూడలేదు.

మర్నాడు సంచీ మామను పట్టుకున్నాను. వాడు దాచలేదు. "మంచు గనిదాకా ఎవడు పోతాడు సేటూ, కాళ్ళు పడిపోతాయి. అన్నీ కొత్త సరుకుకే ఇస్తున్నాను. ఆయనే కవర్లో పెట్టి అంటిస్తున్నాడు," అన్నాడు. నీకు తెలుసనుకున్నానన్నాడు. అది అబద్ధమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకుండా ఉండడానికి నేనెంత జాగ్రత్త పడ్డానో మాత్రం తెలుసు.

అక్కడి నుంచి స్టోరుకు పోయాను. కీపరు బల్ల వెనక కూర్చుని తాళంచెవితో చెవి గులుముకుంటున్నాడు. గులిమినది తీసి చూసుకుని, బల్ల అంచుకు రాసి, అదే చేత్తో నాకు కుర్చీ చూపించాడు. వచ్చే సరుకులో మంచి బిళ్ళలన్నీ సూటు కుట్టేవాళ్ళకు పోతున్నాయని, అక్కడ వాటికి వేరే గిరాకీ ఉందని నిదానంగా చెప్పాడు. నా మీద కోపం లేదు వాడికి. పైగా గౌరవంగానే మాట్లాడాడు. బట్టీకి కావలసిన బిళ్ళలన్నీ ఇక సంచీ మామ లేకుండా నేరుగా నా దగ్గరే తీసుకుంటానన్నాడు. మా చెల్లెలికి అసలైనవి ఒక పెట్టె విడిగా ఇస్తానన్నాడు.

"పన్నెండు పెట్టెలు కావాలి," అన్నాను.

"పన్నెండు ఇస్తే ఇక ఇందులో ఏముంటుంది సేటూ." తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "అయినా ఈ ఊళ్ళో వాసన తెలిసేది నీ ఒక్కడికే. నువ్వు చెప్పకపోతే కంపు లేనట్టే కదా."

ఆ మాట విని నాకు పుట్టిన రోత వాడి మీద కాదు. పదకొండేళ్ళుగా నేను నమ్ముకున్న సూత్రం అదే. నా నోట రావలసిన మాట, చేతికి చెవిగులిమి అంటిన ఆ మనిషి నోటి నుంచి వచ్చింది. బయలుదేరేటప్పుడు బల్ల మీది దొంతర నుంచి సీలు వేసిన ప్యాకెట్టు ఒకటి తీసుకుని జేబులో వేసుకున్నాను. వాడు చూశాడు. బేరం కుదిరిందనుకుని తల ఊపాడు.

ఊరికే చెబితే ఎవరూ నమ్మరు. వాసన చూపించి నిరూపించడానికి వాసన తెలిసినవాడు రెండోవాడు లేడు. జిగురు చూపిస్తే మీ నోళ్ళదే అంటాడు. అందుకని ఆ రోజే బట్టీ భోజనాల గదికి పోయాను. పన్నెండు మందీ బల్ల చుట్టూ ఉన్నారు. ప్యాకెట్టు సీలు పెద్దక్కకు చూపించి ఆవిడ చేతే చింపించాను. ఎవరి నోరూ తగలని మూడు బిళ్ళల్ని, వాళ్ళు తాగే నీళ్ళు కాచి చల్లార్చి, వాటితో తడిపి, గాజు డబ్బాలో పెట్టి మూతకు సీలు వేశాను. గది మూలన ఆకుకూర మడి మీద వెలిగే దీపం కింద పెట్టాను. మూడు రోజులు ఎవరూ ముట్టవద్దన్నాను. నాచు ఏదైనా ఉంటే తడీ వెలుతురూ దొరకగానే లేస్తుంది.

ఏమిటీ గారడీ అని అడిగారు. మూడో రోజు చెబుతానన్నాను. ఆ మూడు రోజులూ పరీక్షకున్న ఏడు రోజుల్లోంచే పోయాయి. అవి అయ్యేదాకా బిళ్ళల్లేకుండా నిలబడితే మన్ను, బిళ్ళలతో నిలబడితే నాచు. చెల్లెలు నాచుతోనే నిలబడింది. మొదటి రోజే నోరు తెరిచి ఇవి నావని చెప్పి ఉంటే ఆ మూడు రోజులు మిగిలేవి. రుజువు కావాలన్నది నిజమే. రుజువు చాటున మరో మూడు రోజులు మంచివాడిగా బతకవచ్చన్నదీ నిజమే.

మూడో రోజుకు మూడు బిళ్ళలూ పచ్చబడ్డాయి. మొదట చుక్కలు, తరువాత తెట్టు. డబ్బా మూత తీస్తే ఆ వాసన నా ఒక్కడి ముఖాన్నే కొట్టింది. మిగతావాళ్ళు వంగి మామూలుగా చూశారు.

"మా నోళ్ళది కాదన్నమాట," అంది పెద్దక్క. "మరి ఇవేంటి?"

"పారేసినవి. కడిగి మళ్ళీ కవర్లో పెట్టినవి."

"ఎవరు కడిగారు?" అని అడిగింది చెల్లెలు. నా వైపు చూడలేదు. డబ్బా వైపే చూస్తోంది.

"నేనే."

ఒకామె తింటున్న పళ్ళెం మెల్లగా పక్కకు జరిపింది. ఎవరు పెట్టుకుంటారో నాకు తెలియదన్నాను. సంచీ మామ మంచు గనివాళ్ళకని చెప్పాడన్నాను. అది నా వైపు నుంచి చెప్పుకోదగ్గ మాట అనుకున్నాను.

"వాళ్ళకు మాత్రం ఊపిరితిత్తులు ఉండవా అన్నయ్యా?" అంది చెల్లెలు.

ఆ పూటే జల్లెడ ఆగింది. జల్లెడ ఆగితే బట్టీ ఆగుతుంది, ఎండ పక్షంలో బట్టీ ఆగితే పైవాళ్ళు దిగివస్తారు. స్టోరు తెరిపించారు. సూటు కుట్టేవాళ్ళ కోసం దాచిన పెట్టెలు బయటపడ్డాయి. కొత్త సరుకును ఉద్యోగం నుంచి తీసేసి, ఆ తాళంచెవులు ఇంకొకడికిచ్చారు. వాడూ చెవి గులుముకుంటాడో లేదో నేను కనుక్కోలేదు. నా పొయ్యికి సీలు వేసి, వాడేసిన బిళ్ళ నా కొట్టులో కనిపిస్తే కొట్టే ఉండదన్నారు. ఇవన్నీ నేను ముందే లెక్క వేసుకున్నవి.

లెక్కలోకి రానిది చెల్లెలు అడిగింది. మర్నాడు కొత్త బిళ్ళలతో పని మొదలుపెట్టేముందు కొట్టుకు మనిషిని పంపింది. ఒక్క షిఫ్టు జల్లెడ దగ్గర నిలబడమంది. నేను కడిగిన బిళ్ళ పెట్టుకుని.

నిలబడ్డాను. ఎనిమిది గంటలు. మొదటి గంటలో బిళ్ళ పొడిగానే ఉంది. తరువాత నా ఊపిరికే తడిసింది. తడిసేకొద్దీ మెత్తబడి పెదవులకు అతుక్కుంది. ఇంకొకడి నోరు నా నోటి మీద పెట్టినట్టుంది. నిజానికి అదే. నాకంటే ముందు పది షిఫ్టులు ఎవడో దానిలోకి దగ్గాడు, చీదాడు, బూతులు తిట్టాడు. వాడెవడో నేను వాసనతో పోల్చుకున్నాను కూడా: నోట్లో పుచ్చిన పన్ను ఉన్నవాడు. ఆ పన్నును ఎనిమిది గంటలు పీల్చాను. మధ్యలో ఒకసారి వాంతి వస్తే మాస్కు తీయడానికి వీల్లేదు, జల్లెడ మీద మన్ను పొగలా లేస్తోంది. మింగాను. ఎదుటివైపు చెల్లెలు జల్లెడ ఊపుతూ ఒక్కసారి నా కళ్ళలోకి చూసింది. జాలి లేదు, కసి లేదు. సరుకు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నట్టు చూసింది.

పక్షం చివర ఊదుడు పరీక్ష జరిగింది. చీటీలో బిళ్ళలు వచ్చిన పది మందికీ ముల్లు డెబ్బై దాటింది. పెద్దక్కకు కూడా ఎలాగో దాటింది, ఆవిడ మొండి మనిషి. చెల్లెలికి అరవై తొమ్మిది దగ్గర ఆగింది. నర్సు మళ్ళీ ఊదమంది. రెండోసారీ అరవై తొమ్మిదే. ఆ ఒక్క పాయింటు ఏ మూడు రోజుల్లో ఉందో నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు.

ఇప్పుడు ఆమె మురుగు గదిలో పనిచేస్తోంది. ఊరి అడుగున, నాచు తొట్టెలకు కూడా కింద. మెట్లు దిగుతుంటేనే నా కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. లోపల పెద్ద పీపాలు తిరుగుతుంటాయి, గోడల నిండా గోధుమ రంగు తడి, కాలు పెడితే జారుతుంది. భోజనం కూడా అక్కడే, పీపాల పక్కన ఒక రేకు బల్ల మీద. మొదటిసారి పోయినప్పుడు ఆమె తింటోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇక్కడ వాళ్ళంతా మంచివాళ్ళే అన్నయ్యా. నాకైతే ఏ తేడా లేదు, వాసనే తెలియదు కదా. ఇంతకీ ఎలా ఉంటుంది ఇక్కడ?"

"తడిమన్ను వాసన," అన్నాను.

ఆమె నమలడం ఆపింది. నా మొహం కేసి చూసింది. నా చెయ్యి ముక్కు మీద ఉందని అప్పుడు తెలిసింది నాకు.

"చెయ్యి తియ్యి. తీసి చెప్పు."

తీశాను. ఊరు ఊరంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది. చెప్పాను, ఒక్కొక్కటీ, ఏ పీపాలో ఏముందో, గోడలో ఏముందో, ఆమె పళ్ళెం దగ్గర ఏముందో, ఆమె జుట్టులో ఏముందో. ఆమె తల ఊపుతూ అంతా వింది. వింటూ తన పళ్ళెంలోది సగం వేరే గిన్నెలోకి తీసి నా ముందుకు జరిపింది.

"తిను. నా షిఫ్టుకు ఇంకో అరగంట ఉంది."

తిన్నాను.